ఆటలో తుపాకి – చరిత్రలో తుపాకి

సాహిత్యంలో వాస్తవికత అంటే ఏమిటన్న చర్చ మన పత్రికలకు కొత్తది కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపటమే వాస్తవికత అని కొందరూ, ఉన్నదాని వెనుక పనిచేసే సంబంధాలను చూపటమే వాస్తవికత అని మరికొందరూ చాలాకాలం వాదించుకొన్నారు. కథ, నవల విషయంలో ఆ చర్చ ఇప్పుడు కొంత చల్లబడింది. కాని ఈమధ్య అదే మాట నాకు అనుకోని చోట ఎదురైంది. అనంతపురంలో మేము పాఠాలు చెప్పే కాలేజి వెనుక, వేపచెట్టు కింద, నలుగురు విద్యార్థులు సెల్‌ఫోన్లు పట్టుకొని తుపాకులాట ఆడుతున్నారు. వారిలో ఒకడు, తెలుగు చదివేవాడే, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మందలిస్తాననుకొన్నాడో ఏమో, అడక్కముందే సమాధానం చెప్పాడు: "ఇది ఉత్త ఆట కాదు సార్. దీంట్లో ఉండే తుపాకులన్నీ నిజమైనవే. కొలతలతో సహా అట్లే పెట్టినారు."

ఆ "నిజమైనవే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను ఆయుధ నిపుణుణ్ణి కాను. తెలుగులో ఎం.ఏ. చదివి పాఠాలు చెప్పుకొంటున్నవాణ్ణి. తుపాకితో నా పరిచయమల్లా డిగ్రీ రోజుల్లో ఎన్.సి.సి.లో గడిపిన మూడేళ్ళు. అయినా ఆ సాయంకాలం వాళ్ళ పక్కనే కూర్చుని చూశాను. తర్వాత రెండు నెలలు నేనూ ఆడాను (దీన్నిగురించి మా ఇంట్లో ఏర్పడిన అభిప్రాయం ఇక్కడ అప్రస్తుతం). ఆ ఆటలోని తుపాకులను బయటి తుపాకులతో, ముఖ్యంగా మన తెలుగునేల మీద పేలిన తుపాకులతో, పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం చేసే పని.

ఆట పేరు పబ్జీ. కొరియా దేశపు కంపెనీ ఒకటి 2017లో కంప్యూటరు మీదకు తెచ్చింది. 2018లో సెల్‌ఫోనులోకి వచ్చింది. మనదేశంలో 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జులైలో పేరు మార్చుకొని తిరిగి వచ్చింది, 2022 జులైలో మళ్ళీ తొలగించబడింది, 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది. పేరు ఏదయినా పిల్లలు పబ్జీ అనే అంటారు. తెలియని పాఠకుల కోసం సంగ్రహంగా చెబుతాను. నూరుమంది విమానంలోంచి వట్టి చేతులతో ఒక ప్రదేశం మీదికి పారాషూట్లలో దిగుతారు. ఖాళీ ఇళ్ళలో దూరి దొరికిన తుపాకి, దొరికిన తూటాలు ఏరుకొని ఒకరినొకరు చంపుకొంటారు. చివరికి మిగిలినవాడు గెలిచినట్టు.

ముందుగా న్యాయంగా ఒప్పుకోవలసిన సంగతులు ఒప్పుకొందాం. రూపం విషయంలో ఆ కుర్రవాడు చెప్పింది చాలావరకు నిజం. ఆటలో ఎ.కె.ఎం. అనే తుపాకి వుంది. సోవియట్ సైన్యం 1959లో స్వీకరించిన ఎ.కె.ఎం. ఎలా వుంటుందో అలాగే వుంటుంది. వంపుతిరిగిన మేగజీనులో ముప్పయి తూటాలు, అక్కడా ముప్పయే, ఇక్కడా ముప్పయే. జర్మన్లు 1935లో ప్రవేశపెట్టిన కార్ 98కె అనే రైఫిలుకు ఐదు తూటాలు. ఆటలోనూ ఐదే, ప్రతి తూటాకు బోల్టు లాగి మళ్ళీ తోయవలసిందే. దూరంగా వున్నవాణ్ణి కొట్టాలంటే తూటా ప్రయాణించే కాలాన్నీ, అది కిందికి జారే దూరాన్నీ లెక్కవేసుకొని గురి కొంచెం పైకి పెట్టాలి. తుపాకి చేతిలో పట్టుకొని పరుగెత్తితే వేగం తగ్గుతుంది. ఇవన్నీ శ్రద్ధగా చేసిన పనులే. తుపాకి మడమ మీది కొయ్యచారలదాకా గీసిన చిత్రకారుడెవరో గాని, అతని పనితనాన్ని మెచ్చుకోకుండా వుండలేము.

కాని రూపం దాటి ఒక్క అడుగు లోపలికి వెళితే చిత్రం మారుతుంది. తూటాల సంగతే చూడండి. ఆటలో "7.62" అని రాసివున్న పెట్టె ఒకటి దొరుకుతుంది. ఆ పెట్టెలోని తూటాలు ఎ.కె.ఎం.కు సరిపోతాయి, కార్ 98కె కు సరిపోతాయి, ఎస్.ఎల్.ఆర్.కూ సరిపోతాయి. నిజలోకంలో ఎ.కె.ఎం. తూటా కోపు పొడవు 39 మిల్లీమీటర్లు, ఎస్.ఎల్.ఆర్. తూటాది 51. రెండూ 7.62 అనే పిలవబడతాయి గాని ఒకదానిది ఇంకొకదానిలో పేలదు. కార్ 98కె ది అసలు 7.62 కానే కాదు, 7.92. మిరమార్ అనే ఎడారి పటంలో మాత్రమే దొరికే విన్చెస్టర్ తుపాకి మరీ విచిత్రం. 1894 నాటి ఆ అమెరికా రైఫిలుకు పేరు తెచ్చినది .30-30 అనే రైఫిలు తూటా; ఆటలో అది .45 పిస్తోలు తూటాలు మింగుతుంది. ఇదంతా చిన్న విషయమని కొట్టిపారేయవచ్చు. కాని తుపాకిని చేతపట్టిన ఏ తిరుగుబాటుదారుణ్ణయినా మొదట వేధించే ప్రశ్న ఇదే: దొరికిన తుపాకికి తూటా ఎక్కడిది? శత్రువు దగ్గర కొల్లగొట్టిన తుపాకికి శత్రువు దగ్గరే తూటా కొల్లగొట్టాలి. ఆట ఆ ముడిని ఒక్క పెట్టెతో విప్పేసింది.

ఇహ శరీరం సంగతి. ఆటలో రెండు రైఫిళ్ళు, ఒక పిస్తోలు వీపుకు తగిలించుకొని గోడలెక్కి దూకవచ్చు. సంచిలో తూటాలకు బరువు లెక్క వుంది గాని, తగిలించుకొన్న తుపాకికి లేదు. ఎన్.సి.సి.లో మా చేతికిచ్చిన కవాతు తుపాకి పాత .303. పేలకుండా గొట్టానికి రంధ్రం వేసినది. నాలుగు కిలోల బరువు. మే నెల ఎండలో దాన్ని భుజాన వేసుకొని అరగంట నిలబడ్డవాడికి తుపాకి అంటే ముందు గుర్తుకొచ్చేది చప్పుడు కాదు, ఆ కొయ్య ఒరిపిడికి కమిలిన ఎముక. ఆటలో తుపాకికి దుమ్ము పట్టదు, తూటా ఇరుక్కోదు, గొట్టం వేడెక్కదు. ఎ.కె.ఎం. నిమిషానికి ఆరువందల తూటాల వేగంతో పేలుతుంది. అంటే ముప్పయి తూటాలు మూడు సెకన్లలో అయిపోతాయి. తర్వాత మేగజీనులోకి బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి నింపవలసినవాడు మనిషే. ఆటలో ఆ మనిషి లేడు. సగం వాడిన మేగజీను తీసి పారేస్తే మిగిలిన తూటాలు వాటంతట అవే సంచిలోకి వస్తాయి. సైలెన్సరు బిగిస్తే రైఫిలు తుమ్మినట్టు పేలటం సినిమాల నుంచి దిగిన కల్పన. బిగించిన తర్వాత కూడా అది చెవిని బాధించే చప్పుడే. గాయానికి ఒక కట్టు, నాలుగు సెకన్లు, మళ్ళీ పరుగు. అన్నిటికంటే నాకు నచ్చినది పెనం. వీపుకు పెనం తగిలించుకొంటే దానిమీద పడ్డ ఏ తూటా అయినా తిరిగి పోతుంది! మా సీమలో ఇంటింటా జొన్నరొట్టెల పెనం వుంది. ఆ పెనానికి ఇంత శక్తి వుంటే మా చరిత్ర మరో విధంగా వుండేది.

తయారీదారుల పేర్ల విషయం ఒక్కమాటలో చెప్పి ముందుకు పోతాను. ఆటలో అందరూ కోరుకొనే ఎం 416 నిజానికి జర్మనీలోని హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీ చేసే హెచ్.కె. 416. రూపం వుంది, చేసినవాడి పేరు లేదు. ఆటల వ్యాపారంలో పెద్దదయిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా కంపెనీ, ఇక మీదట తుపాకి కంపెనీలకు పేర్లకోసం రుసుము చెల్లించబోమని 2013లో ప్రకటించింది. తుపాకులను చూపటం మాత్రం మానలేదు. తుపాకి ఒక ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు అనీ, దానికి లాభం, కొనుగోలుదారు, కూలీ వున్నాయనీ గుర్తుచేసే చివరి ఆనవాలు ఆ పేరే. అదికూడా పోయింది.

ఇప్పుడు ఆ ఆటలోని అసలు సూత్రానికి వస్తాను. దాన్ని పిల్లలు "బ్యాలెన్స్" అంటారు. మనం తూకం అందాం. ఒక తుపాకి మరీ శక్తివంతంగా వుండి, అది దొరికినవాడే ఎప్పుడూ గెలుస్తూవుంటే ఆట చెడిపోతుంది. అంచేత ఆట తయారుచేసేవారు ఎప్పటికప్పుడు లెక్కలు చూసి, ఒకదాని దెబ్బ తగ్గిస్తారు, ఇంకొకదాని కుదుపు పెంచుతారు. నూరుమందికీ గెలిచే అవకాశం సమానంగా వుండాలని వారి ఉద్దేశం. ఆటగా ఇది సబబే. అయితే తుపాకి శక్తిని కావాలని తగ్గించటం ఆటల కంపెనీలు కనిపెట్టిన విద్య కాదు. అది మన చరిత్రలో జరిగింది. జరిగినది సమానత్వం కోసం కాదు, సమానత్వం రాకుండా వుండటం కోసం.

1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ అయినది ఎన్‌ఫీల్డు తూటా కొవ్వు అని ప్రతి పాఠ్యపుస్తకంలో వుంటుంది. ఆ తూటా వేసే తుపాకి 1853 నమూనా రైఫిలు. దాని గొట్టం లోపల మెలితిరిగిన గాడులు వుంటాయి. ఆ గాడుల వల్ల తూటా గిరగిర తిరుగుతూ దూరం తప్పకుండా పోతుంది. పాఠ్యపుస్తకం అంతటితో ఊరుకొంటుంది. తిరుగుబాటును అణచిన తర్వాత ఆ తుపాకికి ఏమయిందన్నది దాని తరువాయి కథ. 1858లో భారతీయ సిపాయిల కోసం ఇంకొక నమూనా తయారయింది. పైకి చూస్తే అదే ఎన్‌ఫీల్డు. లోపల గాడులు తీసివేసి గొట్టాన్ని నున్నగా, వెడల్పుగా తొలిచారు. అంటే పక్కపక్కన నిలబడిన ఇద్దరు సైనికులలో తెల్లవాడి తూటా వందల గజాలు గురితప్పకుండా పోతుంది. నల్లవాడిది నూరు గజాలు దాటితే ఎటుపోతుందో దానికే తెలియదు. తర్వాత కూడా దొరల పటాలానికి కొత్త రైఫిలు వచ్చినప్పుడు వాళ్ళు వాడి వదిలిన నమూనా దేశీయ పటాలానికి దిగేది. ఫిరంగులయితే, కొద్దిపాటి కొండ ఫిరంగి దళాలు తప్ప, దాదాపు పూర్తిగా తెల్లవాళ్ళ చేతిలోనే వుంచుకొన్నారు. ఇదీ సామ్రాజ్యం తూకం. మా విద్యార్థులు తుపాకి శక్తిని అంకెలలో వల్లెవేస్తారు. ఆ అంకెను ఎవరు నిర్ణయించారు, ఎవరి కోసం అన్నది వారు నేర్చిన లెక్కలో లేదు.

ఈ తూకం 1858లో హఠాత్తుగా పుట్టింది కాదు. మా జిల్లాలో దాని పునాది అర్ధశతాబ్దం ముందే పడింది. అనంతపురానికి యాభై కిలోమీటర్ల దూరంలో గుత్తి కోట వుంది. మురారిరావు ఘోర్పడే చేతిలో వున్న ఆ కోటను 1776లో హైదరాలీ పట్టుకొన్నాడు. ఫిరంగులూ తుపాకులూ ఇరువైపులా వున్నాయి. కాని చివరికి కోట లొంగినది గుండ్లకు కాదు. లోపల నీళ్ళు అయిపోయినందువల్ల. (ఈ కరువునేలలో ఎవరూ ఆశ్చర్యపోవలసింది లేదు.) హైదరు, టిప్పుల తర్వాత ఈ ప్రాంతం నిజాముకు దక్కి, 1800లో కంపెనీకి దత్తమయింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో మొదట అనంతపురంలోనే మకాం పెట్టాడు. అప్పటికి ఈ సీమలో ఎనభైమంది దాకా పాళెగాళ్ళు. వాళ్ళ కింద వత్తి తుపాకులు, బల్లేలు, కత్తులు పట్టిన వేలాది బంట్లు. మన్రో ఏడేళ్ళలో చేసిన పనిని రైత్వారీ అని గుర్తుపెట్టుకొంటాము. అది సగమే. సైన్యంతో పాళెగాళ్ళను అణచి, బంట్లను చెదరగొట్టి, కొందరికి పింఛన్లు కట్టి, ఆయుధబలాన్ని ఊళ్ళనుంచి ఊడలాగి కంపెనీ పటాలానికి అప్పగించటం మిగతా సగం. శిస్తు వసూలుకు ముందు మెట్టు అదే.

పాళెగాళ్ళు ప్రజల పక్షం అని నేను అనటం లేదు. వాళ్ళ బంట్లు రైతుల ఇళ్ళమీద పడి దోచిన సందర్భాలు తక్కువ కావు. వాళ్ళను ఆదర్శవీరులుగా చిత్రించే ఇటీవలి ధోరణి చరిత్రకు మేలు చేయదు. కాని బంటు ఎవరు? గ్రామకాపలాకు బదులుగా ఇనాము భూమి అనుభవిస్తూ వచ్చిన కట్టుబడి అనే చిన్న మనిషి. ఆ ఇనాముదారు చనిపోతే భూమి సర్కారు పరం కావాలన్న విధానం వచ్చినప్పుడు అతడి బిడ్డలకు మిగిలేది ఏమీలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్ళలో ఈ కట్టుబడులు ఎక్కువమంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన కథ 2019లో సినిమాగా వచ్చినప్పుడు కట్టుబడి ఇనాము సంగతి ప్రేక్షకులలో ఎంతమందికి తట్టిందో చెప్పలేను.

1878 నాటి ఆయుధాల చట్టంతో ఈ వ్యవహారానికి కాగితం మీద రూపం ఏర్పడింది. భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియనుకు అక్కరలేదు. చట్టం అంత సూటిగా వుంది. ఆ తర్వాత, మొదటి ప్రపంచయుద్ధం ముగిసినాక, పోలీసులకూ జైలు కాపలావాళ్ళకూ ఇచ్చేందుకు ఇషాపూర్ ఫ్యాక్టరీలో .303 రైఫిలును మార్చి .410 మస్కెటు చేశారు. గొట్టం నున్నగా తొలిచి, మేగజీను వుండవలసిన చోట కొయ్యముక్క దిగగొట్టి, ఒకసారికి ఒకే తూటా పేలేటట్టు చేశారు. పోలీసు చేతిలోని తుపాకి రేపు ఎవరి చేతిలో పడినా పడవచ్చునని దొరలకు తెలుసు. ఆట తయారీదారు తుపాకి శక్తి తగ్గించటానికి ఒక అంకె మారిస్తే చాలు. ఇక్కడ తుపాకి గుండెలో కొయ్య దింపవలసి వచ్చింది.

దొరల ఆ భయం ఉత్తది కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడ్డాడు, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు ఠాణాలు. మొత్తం దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. పబ్జీ ఆడేవాడికి ఈ ఘట్టం ఎంతో పరిచితంగా తోస్తుంది: వట్టిచేతులతో దిగటం, ఇల్లుజొచ్చి ఆయుధం ఏరుకోవటం. నిజమే, ఆట తెలియకుండానే తాకిన చారిత్రక సత్యం ఒకటుంటే అది ఇదే. ఆయుధం లేనివాడికి మొదటి యుద్ధం ఆయుధం కోసమే. కాని పోలిక అక్కడే ఆగిపోతుంది. సీతారామరాజు తీసుకొన్న ప్రతి తుపాకికి ఒక నంబరు, ఒక ఠాణా, ఒక రిజిస్టరు వుంది. ఆ 26 తుపాకుల వెనుక పితూరీ వుంది, కొండ రోడ్లకోసం వెట్టి చేయించిన తాసిల్దారు వున్నాడు, పోడు నిషేధించిన అటవీ చట్టం వుంది. ఆ తర్వాత ప్రభుత్వం ఏజెన్సీ ఠాణాలలోని ఆయుధాలను జాగ్రత్త చేసుకొంది. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపింది. అటుపక్క ఫ్యాక్టరీ నుంచి తూటాలు వస్తూనే వుంటాయి, ఇటుపక్క రెండున్నర వేలు కరుగుతూ వుంటాయి. బాణాలు మాత్రం అడవిలో దొరికేవి. 1924 మే 7 నాటికి ఆ లెక్క ముగిసింది.

తెలంగాణ సాయుధ పోరాటంలో భర్మారు తుపాకి మాట తరచు వినిపిస్తుంది. మూతినుంచి మందు పోసి, పీచు కుక్కి, గుళ్ళు వేసి, మళ్ళీ కుక్కి, టోపీ పెట్టి పేల్చాలి. ఒకసారి పేలితే, మళ్ళీ అదంతా మొదటినుంచి. ఇంతలో ఎదుటివాడి .303 పది తూటాలు పేల్చవచ్చు. వడిసెల రాయి దీనికంటె త్వరగా పోయేది. ఆడవాళ్ళు వడిసెలలు పట్టారంటే వీరగాథ కోసం కాదు, అందుబాటులో వున్నది అది గనుక. ఇక్కడ భాష గురించి ఒకమాట. తుపాకి అన్న పదం మనకు తురకీ మూలం నుంచి వచ్చింది, ఫిరంగి అన్నది పరంగివాళ్ళ పేరునుంచి వచ్చింది. కాని తుపాకిలో పోసే పొడిని మాత్రం మనవాళ్ళు మందు అన్నారు. రోగానికి మందే, తుపాకికి మందే, పురుగుకూ మందే. అనంతపురం జిల్లాలో వేరుశెనగ ఎండిపోయిన ఏడు ఎవరయినా "మందు తాగినాడు" అంటే ఏ మందు అని ఎవరూ అడగరు. ఏ ఆటలోనూ ఆ ఆయుధాన్ని చూపలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1878 చట్టం పోయి 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. జాతిభేదం పోయింది, మెట్లు పోలేదు. దానంతట అది పేలే తుపాకి నిషిద్ధం. పంటకు కాపలా అన్న రైతుకు, నిజమైన అవసరం వుందని తేలితే, మూతినుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని పదమూడో సెక్షను చెబుతుంది. అడవిపందులు చేలమీద పడే ఊళ్ళలో భర్మారు తాత ఇంకా ఉద్యోగంలో వున్నాడన్నమాట. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి. ప్రభుత్వ పక్షాన చూస్తే, 1962లో చైనా యుద్ధానికి మన జవాను తీసుకుపోయినది పాత .303నే, ఆ అనుభవం తర్వాతే ఇషాపూర్‌లో చేసిన ఎస్.ఎల్.ఆర్. పటాలాల చేతికి అందింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు చెప్పినది 2020 రిపబ్లిక్ దినాన. ఆటలో ఎస్.ఎల్.ఆర్. వుంది, దాని మేగజీనులో మొదట పదే తూటాలు, మన పోలీసు చేతిలోని దానికి ఇరవై. .303 మాత్రం నాకు ఆ ఆటలో కనబడలేదు. మన తాతల కాలంలో సర్కారు అన్న మాటకు ఆకారం ఇచ్చిన తుపాకి అది.

ఈ ఆటలు పిల్లలను హంతకులుగా మారుస్తాయన్న వాదం నాది కాదు. రాయలసీమ ముఠాకక్షలు ఏ ఆటచూసి నేర్చినవీ కావు. ఆ కక్షల్లో ప్రధానాయుధాలు వేటకొడవలి, నాటుబాంబు. వాటిని చుట్టినవారు పేదకూలీలు, చుట్టించినవారు కాంట్రాక్టులవారు. సినిమా ఆ నాటుబాంబుకు కొత్తగా తుపాకిని జోడించి సీమను అమ్ముకొంది. ఆట ఆ పని కూడా చేయదు. దాని అబద్ధం వేరు.

ఆ అబద్ధం నాకు మిరమార్ పటంలో కనబడింది. ఎర్రటి ఎండ, బోడిగుట్టలు, ముళ్ళపొదలు, నీళ్ళులేని వాగు. అందులో నడుస్తూ నా విద్యార్థి అన్నాడు: "మా ఊరు మాదిరే ఉంది కదా సార్!" నిజమే, మాదిరే వుంది. ఇళ్ళు వున్నాయి. తలుపులు తీసేవున్నాయి. పొయ్యి వుంది, మంచం వుంది, నేలమీద తుపాకి పడివుంది. మనుషులు లేరు. ఆ ఇంటివాళ్ళు ఎక్కడికి పోయారో, తుపాకి ఎవరు తెచ్చి అక్కడ పెట్టారో ఆట చెప్పదు. ఆడేవాడికి ఆ ప్రశ్న రాకుండా వుండటంమీదే ఆట నడుస్తుంది. వాడి ఊళ్ళోనూ వేసవిలో ఇళ్ళు ఖాళీయే. తలుపులు తీసి వుండవు, తాళాలు వేసి వుంటాయి. "మీ ఊళ్ళో వాళ్ళంతా యాడికి పోయినారప్పా?" అని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పాడు: "బెంగుళూరు సార్. కొందరు కేరళ. మా నాయన కూడా." తాళం వేసిన ఇంటికి కారణం వాడికి తెలుసు, తలుపు తీసిన ఇంటికి కారణం వుండాలని మాత్రం తట్టలేదు. గొట్టం కొలతలో, కొయ్యచారలో, చప్పుడులో నిజం పాటించిన ఆట, తుపాకికి యజమాని లేకుండా చేసింది. చరిత్రలో యజమాని లేని తుపాకి నాకు ఒక్కటి కూడా కనబడలేదు.

వాళ్ళకు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఎన్.సి.సి. రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాను. కాల్పుల అభ్యాసానికి మమ్మల్ని ఊరి బయట గుట్టపక్కకు తీసుకుపోయారు. చిన్న .22 రైఫిళ్ళు, తలా ఐదు తూటాలు. బోర్లపడుకొని కాల్చాము. నా ఐదింటిలో రెండు అట్టకు తగిలాయి, మూడు గుట్టకు. అయిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు అనుకొంటుంటే హవల్దారు ఖాళీ కోపులు లెక్కపెట్టాడు. ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖాళీ కోపులు తిరిగి రావాలి. ఒకటి తగ్గింది. నలభైమందిమి ఎర్రమట్టిలో మోకాళ్ళమీద వంగి, కోసిన శెనగచేని మొదళ్ళ మధ్య, చిటికెనవేలి గోరంత ఇత్తడి ముక్క కోసం వెతికాము. పన్నెండయింది, ఒంటిగంటయింది. అన్నం బండి వచ్చి చెట్టుకింద నిలబడింది. ఎవ్వరినీ లేవనివ్వలేదు.

"ఒక్క ఖాళీ కోపుకు అంత ఎందుకు సార్?" అన్నాడు కుర్రవాడు. ఫోను పక్కన పెట్టి అడిగాడు. అప్పుడు చెప్పాను చింతపల్లి ఠాణా సంగతి, తర్వాత కొయ్యముక్క దింపిన మస్కెటు సంగతి.

కోపు రెండున్నరకు దొరికింది. ఒక కుర్రవాడి మడిచిన చొక్కా చేతిలోకి ఎగిరిపడి అక్కడే వుండిపోయింది. హవల్దారు దాన్ని తుడిచి, మిగతావాటితో డబ్బాలో వేసి, లెక్కల పుస్తకంలో ఆ కుర్రవాడి చేత సంతకం పెట్టించుకొన్నాడు.